గ్రెగరీ రాసిన రెండో ఉత్తరం



పంట పండుగ ఏర్పాట్ల గురించి మొన్న సంఘ పెద్దలం కూర్చున్నాం. ఒకప్పుడు మా రుద్రూర్ వైపు ఈ పండుగకు బల్లకు రెండు పక్కలా చెరుకు గడలు కట్టేవారు. 2015లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది, వడ్ల బస్తాలే వస్తున్నాయి. ఆ మాటల మధ్యలో ఒక యువకుడు లేచి, "అయ్యగారూ, ఈసారి ఊరేగింపుల డప్పు పెడదాం" అన్నాడు.

అందరూ ఊరుకున్నారు. నేను ఈ సంఘానికి రాకముందు నుంచీ పెద్దగా ఉన్న ఒకాయన నేల చూస్తూ అన్నారు: "మా నాయన సావుకు కొట్టిండు, జాతరకు కొట్టిండు. పైసలియ్యకున్నా కొట్టాలె. అది ఇడిసిపెట్టే గదా గుడికి వచ్చినం. మళ్ల గుడిలకే తెస్తవా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి ముగించాను.

ఆ రాత్రి సెమినరీలో రాసుకున్న సంఘ చరిత్ర నోట్సు తీశాను. 590లో రోముకు బిషప్పై, 604లో ప్రభువునందు నిద్రించిన గ్రెగరీ గురించి వెదికాను. పోపు అనగానే మనం ముఖం తిప్పుకుంటాం గానీ, మన బల్ల ఆరాధన క్రమంలో ఆయన చేయి ఉంది. రొట్టె, ద్రాక్షారసాల మీద కృతజ్ఞతా ప్రార్థన ముగియగానే ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతాం కదా, పశ్చిమ సంఘంలో దాన్ని ఆ చోట నిలిపింది ఆయనే. కాన్‌స్టాంటినోపుల్ వాళ్లను చూసి కాపీ కొట్టాడని కొందరు గొణిగితే, 598లో సిరక్యూజ్ బిషప్పు జాన్‌కు జవాబు రాశాడు. ఎవరో పండితుడు కూర్చిన ప్రార్థన చెప్పి, ప్రభువే నేర్పిన ప్రార్థనను వదిలేయడం తగదన్నాడు. మంచి ఉంటే తనకన్నా చిన్న సంఘం నుంచైనా నేర్చుకుంటానన్నాడు. అయితే గ్రీకుల దగ్గర ఆ ప్రార్థన జనమంతా చెబుతారు, మా దగ్గర గురువు ఒక్కడే చెబుతాడని కూడా రాశాడు. ఈ ఒక్క విషయంలో మనం గ్రీకుల పక్షం! (గ్రెగరీ గీతాలని పేరుపడ్డవి మాత్రం ఆయన కట్టినవి కావు. తర్వాతి కాలంలో ఫ్రాంకుల దేశంలో రూపుదిద్దుకున్నాయి.)

నేను వెదికింది మాత్రం 601 నాటి రెండు ఉత్తరాలు. ఇంగ్లండులో కెంట్ రాజు ఎథెల్బర్ట్‌కు, విగ్రహాల గుళ్లు కూలగొట్టమని ఒకటి రాశాడు. కొన్ని వారాలకే, దారిలో ఉన్న మెల్లితుస్ అనే సేవకునికి ఇంకొకటి పంపాడు. చాలా ఆలోచించాను, గుళ్లు కూల్చవద్దు, విగ్రహాలు మాత్రమే తీసేసి వాటిని దేవునికి ప్రతిష్ఠించండి అన్నాడు. పండుగ రోజు జనం పశువులు కోసుకునే అలవాటు మానరు గనుక, గుడి చుట్టూ కొమ్మలతో పందిళ్లు వేసుకొని దేవునికి కృతజ్ఞతతో విందు చేసుకోనివ్వండి అన్నాడు. అంత పెద్ద అధికారంలో ఉండి మనసు మార్చుకున్నాడు.

నేనూ ఒక మొదటి ఉత్తరం రాసినవాణ్ణే. సేవకు వచ్చిన కొత్తలో, దసరా తర్వాతి ఆదివారం ఒక అవ్వ తంగేడు పూలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బతుకమ్మ పూలని తీసెయ్యమన్నాను. "పూలు దేవుడు చేసినయే గదా అయ్యగారూ" అని, కొంగులో వేసుకొని వెళ్లిపోయింది. ఆ అవ్వ ఇప్పుడు లేదు. రెండో ఉత్తరం ఎవరికి రాయను?

మనవాళ్లూ ఈ దారిలో నడిచినవారే. పురుషోత్తమ చౌదరి మన రాగతాళాల్లో కీర్తనలు కట్టారు. బిషప్ అజరయ్య దోర్నకల్ దేవాలయాన్ని మన దేశపు కట్టడపు తీరులోనే లేపారు. ఇక డప్పు ఏ దేవుని విగ్రహమూ కాదు. 150వ కీర్తనలో, మిర్యాము చేతిలో మన బైబిలు తంబుర అన్నది హెబ్రీలో తోఫ్, అంటే చేత్తో వాయించే తోలు వాద్యం. తంబుర అనగానే మనకు తీగలు గుర్తొస్తాయి గానీ, దానికి దగ్గరి చుట్టం డప్పే.

అయినా గ్రెగరీ ఉత్తరం నాకు సగమే పనికొచ్చింది. ఆ ఇంగ్లీషు పల్లెజనాన్ని ఆయన అడగలేదు, రోములో కూర్చొని నిర్ణయించాడు. మా పెద్దాయన బాధ విగ్రహం గురించి కాదు, వెట్టి గురించి. మా సంఘంలో వేర్వేరు కులాల కుటుంబాలున్నాయి. డప్పు మళ్లీ ఆ పాత చేతులకే ఇచ్చి, మిగతా వాళ్లం వెనక పాడుకుంటూ నడిస్తే, వెట్టినే గుడిలోకి తెచ్చినట్టు. కాబట్టి నా అభిప్రాయం ఇది: డప్పు రావాలి. కానీ ఆ పెద్దలు సరేనన్నాకే రావాలి, అన్ని ఇళ్ల పిల్లలూ నేర్చుకోవాలి, మొదటి డప్పు పాస్టరు భుజాన ఉండాలి.

నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి ఇదే చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. అవునని గానీ కాదని గానీ ఇప్పటికీ చెప్పలేదు. లేచి వస్తుంటే మాత్రం గడప దగ్గర అడిగారు: "మీరు కొడ్తరా అయ్యగారూ? కొట్టే ముందు మంటకు కాగబెట్టాలె, ఎరికేనా?"