లెక్కపెట్టి రమ్మనే సముద్రం

దక్షిణ ఫ్రాన్స్‌లో కసీ అనే చిన్న రేవు ఉంది. వేసవి పొద్దుటిపూట అక్కడ ఒడ్డున కయాక్‌లనే సన్నటి తెడ్డు పడవలు వరసగా పెట్టి ఉంటాయి. వచ్చినవాళ్లు లైఫ్ జాకెట్ల పట్టీలు బిగించుకుంటూ, తెడ్డు ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటూ ఉంటారు. గైడ్ చూపు మాత్రం రేవు బయటి నీళ్ల మీద ఉంటుంది. అక్కడ తెల్లటి నురగ లేస్తోందంటే ఆ రోజు ప్రయాణం లేదు.

ఆ నురగకు కారణం మిస్ట్రాల్ గాలి. రోన్ నది లోయ గుండా ఉత్తరం నుంచి దూసుకొచ్చి, నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. దాని మోసం అక్కడే ఉంది. కొండ చాటున నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. ఆ చాటు దాటిన మరుక్షణం తేలికపాటి పడవను నడిసముద్రంలోకి తోసుకుపోతుంది. పైనున్న వెచ్చటి నీటిని అవతలికి నెట్టేసి, అడుగునున్న చల్లటి నీటిని పైకి తెస్తుంది. నిన్న 24 డిగ్రీలున్న సముద్రం రెండు రోజుల్లో 16కు పడిపోవడం జులైలో కూడా అక్కడివాళ్లకు వింత కాదు. ఇవన్నీ డబ్బు కట్టి వచ్చిన పర్యాటకుడికి తెలియవు. తెలిసిన మనిషి ఒకరు పక్కనుండి, ఈ రోజు వద్దని చెప్పగలగాలి. ఫ్రాన్స్‌లో జీతం తీసుకుని కయాక్ నేర్పాలంటే, జనాన్ని వెంట తీసుకెళ్లాలంటే ప్రభుత్వం గుర్తించిన అర్హత తప్పనిసరి.

కసీకి పశ్చిమాన మార్సెయిల్స్ వరకూ ఉన్న తీరాన్ని కలాంక్‌ల తీరం అంటారు. మార్సెయిల్స్ పేరు మనకు కొత్తేమీ కాదు. 1910లో సావర్కర్ ఓడలోంచి దూకి ఒడ్డుకు ఈదిన రేవు అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు దిగింది కూడా అక్కడే. వారి సమాధులున్న మాజార్గ్ శ్మశానవాటిక ఈ కొండలకు ఎంతో దూరంలో లేదు. కలాంక్ అంటే తెల్లటి సున్నపురాతి కొండల మధ్యకు సన్నగా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. కసీ నుంచి తెడ్డేసుకుంటూ బయల్దేరితే ముందు పోర్ మియూ వస్తుంది. లోపలికంటా పడవలు కట్టేసి ఉన్న పొడవాటి పాయ అది. అక్కడ నేల కింద ప్రవహించే నది ఒకటి సముద్రంలోకి వచ్చి కలుస్తుంది. నీళ్లలో చెయ్యి పెడితే చల్లగా తగిలేది ఆ నది నీరే. తర్వాత పైన్ చెట్ల నీడలో పోర్ పాన్, ఆ తర్వాత నిటారు గోడల మధ్య ఆన్ వో.

మోటారు పడవలో ఈ దూరం ఎంతోసేపు పట్టదు. తెడ్డుతో వెళ్తే సగం పూట గడుస్తుంది. ఇక్కడ తెడ్డునే ఎంచుకోవాలి. కయాక్ నీటిమట్టానికి ఆనుకునే సాగుతుంది, చప్పుడు చెయ్యదు, లంగరు వెయ్యదు, నూనె కార్చదు. రాతిగోడకు అంగుళం దూరంలో, అల ఎక్కడ కోసిందో ఉప్పు ఎక్కడ తెల్లగా పేరుకుందో చూస్తూ వెళ్లవచ్చు. మధ్యధరాలో ఆటుపోట్లు నామమాత్రం. మార్సెయిల్స్ దగ్గర నీటిమట్టం మారేది జానా బెత్తెడు. అందుకే శతాబ్దాలుగా అల తాకిన గీత రాతి మీద ఒకేచోట స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ గీత ఒకప్పుడు చాలా కిందుండేది. మంచుయుగం ఉధృతంగా ఉన్న రోజుల్లో, అంటే సుమారు 20 వేల ఏళ్ల క్రితం, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. ఈ పాయలన్నీ అప్పుడు పొడి లోయలు. ఒడ్డు కిలోమీటర్ల దూరాన ఉండేది. ఇవాళ కయాక్ తేలుతున్నచోట ఆనాడు మనుషులు నడిచారు, గుర్రాలు మేశాయి. ఇది ఊహ కాదు. కసీకి చెందిన డైవర్ అన్రీ కోస్కేర్ 1985లో మోర్జ్యూ అంతరీపం దగ్గర 37 మీటర్ల లోతున ఒక సొరంగం నోరు కనిపెట్టాడు. పైకి ఎక్కుతూ పోయే ఆ సొరంగం దాదాపు 175 మీటర్లు ఈదాక గాలి నిండిన గుహలోకి తేలింది. 1991లో ఆ గుహ గోడ మీద మనిషి చేతి ముద్ర కంటబడింది. దాంతోపాటు గుర్రాలు, సీళ్లు, పెంగ్విన్‌ను పోలిన గ్రేట్ ఆక్ పక్షుల బొమ్మలు. చేతి ముద్రల్లో పాతవి సుమారు 27 వేల ఏళ్లనాటివి. గ్రేట్ ఆక్ 19వ శతాబ్దంలోనే భూమ్మీద లేకుండా పోయింది. సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ కింది బొమ్మలు నీటిపాలవుతున్నాయి.

అదే 1991లో ఆ సొరంగంలో ముగ్గురు డైవర్లు దారి తప్పి ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ద్వారం మూసేశారు. ఇప్పుడు పరిశోధకులకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. జనం కోసం మార్సెయిల్స్ నగరంలో 2022లో గుహ నమూనా తెరిచారు. కొన్నిచోట్లకు వెళ్లకపోవడమే వాటిని చూసుకునే పద్ధతి అని ఈ తీరం అంత ముందే నేర్చుకుంది.

గుహ సంగతి అలా ఉంచి, పాయ మధ్యలో కయాక్‌లు ఆపి, మాస్కు, స్నార్కెల్ పెట్టుకుని నీళ్లలో ముఖం ముంచితే వేరే లోకం. మన బంగాళాఖాతం తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు వల్ల నీళ్లు మసకగా ఉంటాయి. ఈ పాయల్లో అలా ఒండ్రు కలిపే పెద్ద నది లేదు. మధ్యధరాలో పోషకాలు తక్కువ కాబట్టి నీటిలో తేలే సూక్ష్మజీవులూ తక్కువే. అడుగు కళ్ల ముందుకొస్తుంది. ఆ నీలానికి కారణం ఒకరకంగా లేమి. ఉప్పు కూడా ఎక్కువ. మహాసముద్రాల సగటు కిలో నీటికి 35 గ్రాములైతే ఇక్కడ 38 దాకా ఉంటుంది. ఈత సరిగ్గా రానివాళ్లకు కూడా తేలడం కాస్త సులువు.

కింద కనిపించే పచ్చటి మైదానాన్ని చాలామంది నాచు అనుకుంటారు. అది గడ్డి. పోసిడోనియా. వేళ్లు, ఆకులు, పూలు, కాయలు అన్నీ ఉన్న మొక్క. ప్రపంచంలో మధ్యధరాలో తప్ప ఈ జాతి మరెక్కడా లేదు. బంగారు చారలున్న సాల్పా చేపలు మందలుగా వచ్చి మేకల్లా దీన్ని కొరుక్కు తింటాయి. చిన్న చేపలకు ఇదే దాగుడుచోటు. దీని వేళ్లు, ఇసుక కలిసి పేరుకునే చాప కర్బనాన్ని వేల ఏళ్లు దాచుకుంటుంది. ఆ చాప మీటరు మందం చేరడానికి సుమారు వందేళ్లు పడుతుంది. శీతాకాలంలో రాలిన ఆకులు ఒడ్డున గోధుమరంగు గుట్టలై అలల కోత నుంచి ఇసుకను కాపాడతాయి. వాటిని చెత్త అని ఎత్తిపోసిన రిసార్టులు తర్వాత ఇసుక కొట్టుకుపోతోందని బాధపడ్డ సందర్భాలున్నాయి.

ఒక పెద్ద విహార నౌక లంగరు గొలుసు పోసిడోనియా మీద ఒక్క రాత్రి ఈడ్చుకుపోతే ఏర్పడే గాయం పూడటానికి దశాబ్దాలు పడుతుంది. ఫ్రాన్స్ ఈ గడ్డిని 1988లోనే రక్షిత మొక్కల్లో చేర్చింది. అయినా 24 మీటర్లు దాటిన నౌకలు దీని మీద లంగరు వెయ్యకూడదన్న ఆజ్ఞ ఫ్రెంచ్ మధ్యధరా తీరంలో 2019 తర్వాత గానీ అమల్లోకి రాలేదు. ముప్పై ఏళ్ల ఆలస్యం. ఆ లోపు జరిగిన నష్టం ఏ చట్టంతోనూ తిరిగిరాదు.

నష్టం ఇంకా ఆగలేదు కూడా. 2016 నుంచి ఒక పరాన్నజీవి వల్ల మధ్యధరా అంతటా పెద్ద ఫాన్ షెల్ ఆల్చిప్పలు మూకుమ్మడిగా చచ్చిపోయాయి. మోకాలెత్తు దాటి నిలబడే ఆ ఆల్చిప్పల ఖాళీ గుల్లలే ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తాయి. 2022 వేసవి వేడికి కలాంక్‌లలో సముద్రపు విసనకర్రలనే ఎర్రటి పగడపు జీవులు పెద్ద ఎత్తున మాడిపోయాయి. స్నార్కెల్‌తో పైన ఈదేవాళ్లకు వాటి లోతు అందదు. గైడ్ చెబితేనే తెలుస్తుంది. గైడ్ అవసరం దారి చూపడంతో తీరదు. కంటికి ఆనని నష్టాన్ని చెప్పడం కూడా ఆ పనిలో భాగమే.

కలాంక్ జాతీయ పార్కు 2012 ఏప్రిల్‌లో ఏర్పడింది. దేశంలో రెండో పెద్ద నగరాన్ని ఆనుకుని, నేలతోపాటు సముద్రాన్ని కూడా కలుపుకున్న పార్కు. పేరు వచ్చింది, ఫోటోలు ఫోన్లలో తిరిగాయి, జనం ముంచెత్తారు. సుజిటోన్ అనే చిన్న పాయకు వేసవిలో రోజుకు 2,500 మంది దాకా దిగేవారు. వారి కాళ్ల కింద మట్టి జారిపోయి పైన్ చెట్ల వేళ్లు గాలిలోకి తేలాయి. కొత్త మొక్క మొలిచే దారి లేకపోయింది. 2021లో పార్కు తన వెబ్‌సైట్‌లో వింత పని చేసింది. ఎంత రద్దీగా ఉంటుందో, ఎంత నడవాలో, ఎండ ఎలా మాడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్పి, రావద్దన్నంత పని చేసింది. 2022 నుంచి వేసవి రద్దీ రోజుల్లో సుజిటోన్‌కు రోజుకు 400 మందికే అనుమతి. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. లేకుండా వెళ్తే 68 యూరోల జరిమానా.

ఆ నమోదు ఉచితం. ఈ నిర్ణయంలో అన్నిటికంటే మెచ్చుకోదగ్గది ఇదే. రద్దీని తగ్గించడానికి ప్రభుత్వాలకు తెలిసిన సులువైన దారి టికెట్ ధర పెంచడం. అప్పుడు 400 మందే వస్తారు, కానీ ఆ 400 మందీ డబ్బున్నవాళ్లే అయి ఉంటారు. మార్సెయిల్స్ ఫ్రాన్స్‌లోని పేద నగరాల్లో ఒకటి. ఆ నగరంలోని ఇరుకు అపార్ట్‌మెంట్ల పిల్లలకు ఈ పాయలే వేసవి సెలవులు. తలకు ఒక చీటీ, ముందొచ్చిన వారికి ముందు అన్న పద్ధతిలో వారి వంతు పోదు. చోటు తక్కువైనప్పుడు మనుషుల సంఖ్యను లెక్కపెట్టాలి, వారి జేబులను కాదు. కయాక్ యాత్రకు గైడ్ రుసుము ఉంటుంది, నిజమే. అది గైడ్ శ్రమకు, పడవకు. సముద్రానికి ధర కట్టడం వేరు.

ఈ పద్ధతికి వ్యతిరేకంగా గట్టి వాదన ఒకటి ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. నడిచి వచ్చేవాడిని లెక్కపెట్టే ఇదే తీరంలో గార్దాన్ అల్యూమినా ఫ్యాక్టరీ 1960ల నుంచి 2015 చివరిదాకా గొట్టం ద్వారా ఎర్ర బురదను సముద్రగర్భంలోని కసిదేన్ లోయలోకి వదిలింది. మొత్తం 2 కోట్ల టన్నుల పైమాటే. పార్కు పుట్టాక కూడా మూడేళ్లకు పైగా అది సాగింది. మార్సెయిల్స్ నగరపు మురుగు కోర్త్యూ అనే పాయలోనే కలుస్తుంది. శుద్ధి కేంద్రం వచ్చింది 1987లో. చిన్నవాడికి నిబంధన, పెద్దవాడికి గడువు అని స్థానికులు మండిపడితే తప్పుపట్టలేం. దానికి సమాధానం ఫ్యాక్టరీల మీద ఇంకా గట్టి నిబంధన పెట్టడం. సుజిటోన్ కొండ మీద 400 అన్న అంకె చెరిపేస్తే ఆ పైన్ మొక్కలకు ఒరిగేదేమీ లేదు.

మన దగ్గర ఈ చర్చ దూరపు ముచ్చట కాదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరదలో ఉండగా పాపికొండలు చూడటానికి పర్యాటకులతో బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదుల కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి. బోటును బయటికి తియ్యడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. నది ఎలా ఉందో ఆ ఉదయం చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఈ రోజు వద్దని చెప్పే అధికారం ఉన్న మనిషి ఆ రేవులో నిలబడి, ఆ మాట చెల్లుబాటు అయి ఉంటే వాళ్లు ఇళ్లకు వెళ్లేవారు.

ఇప్పుడు విశాఖ రుషికొండ దగ్గర జలక్రీడలు నడుస్తున్నాయి. కొత్త తీరాల్లో కొత్త ప్రతిపాదనలు వస్తూనే ఉన్నాయి. సముద్రాన్ని దగ్గరగా చూడాలన్న మన పిల్లల కోరిక న్యాయమైనది. తీరం పొడవునా తెడ్డు పడవలు రావాలి, వేట మానని మత్స్యకార యువకులే శిక్షణ పొంది గైడ్లు కావాలి. ఆ నీళ్లు వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. అయితే మొదటి కయాక్ దిగకముందే ప్రతి రేవులో తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. ఇక్కడ రోజుకు ఎంతమందికి అనుమతి, ఇవాళ ప్రయాణం ఆపే అధికారం ఎవరిది, ఆ వ్యక్తి ఫోన్ నంబరు ఎంత అని దాని మీద రాయాలి. పర్యాటక శాఖ ఇందుకోసం కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈ పర్యాటక సీజన్ మొదలయ్యేలోపు ఆ బోర్డులు నిలబెట్టమని తీరప్రాంత ఎమ్మెల్యేలను, కలెక్టర్లను పాఠకులు అడగాలి.