‘గ్రహణం మొర్రి’ అనకండి, తల్లిని నిందించకండి

‘గ్రహణం మొర్రి’ అన్న మాటను మనం వదులుకోవాలి. ఈ పేరులో మొర్రి నిజం, గ్రహణం అబద్ధం. ఆ అబద్ధానికి శిక్ష అనుభవిస్తున్నది కన్నతల్లి. చీలిన పెదవితో బిడ్డ పుట్టగానే “గ్రహణం వేళ కత్తిపీట ముట్టుకున్నావా? బయటికి వచ్చావా?” అని ఆమెను నిలదీస్తారు. మా దేవరాపల్లి చుట్టుపక్కల పల్లెలలోనే కాదు, పట్నాలలో చదువుకున్నవారి ఇళ్లలోనూ ఈ విచారణ సాగుతూనే ఉన్నది. గ్రహణం వచ్చిన ప్రతిసారీ టీవీలలో గర్భిణులను బెదిరించేవారు ఈ భయానికి నీరు పోసి పెంచుతున్నారు.

పాఠకులారా, మీ నాలుక కొనను పై ముందుపళ్ల వెనుక ఆనించి చూడండి. నడుమ ఒక చిన్న బొడిపె, దాని వెనుక అడ్డంగా మడతలు తగులుతాయి. ఆ బొడిపె మీది ఎముకలోనే మీ అంగిలి మూడు ముక్కలూ కలిసిన చోటు ఉన్నది. ముందు ముక్క ముక్కు వైపు నుండి దిగింది. తక్కిన రెండూ చెరొక పక్క నుండి వచ్చాయి.

ఫలదీకరణ నాటి నుండి లెక్కిస్తే, 4వ వారంలో పిండం నోటి చుట్టూ చిన్న మొలకలు లేస్తాయి. 7వ వారం ముగిసేసరికి అవి కలిసి పై పెదవి ఏర్పడుతుంది. అంగిలి పలకలు మొదట నాలుకకు ఇరువైపులా నిలువుగా వేలాడుతుంటాయి. 8వ వారంలో నాలుక కిందికి జారుతుంది. పలకలు పైకి లేచి, అడ్డంగా తిరిగి, ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. 12వ వారానికి ఆ పని పూర్తవుతుంది. ఈ కలయిక ఎక్కడ ఆగిపోతే అక్కడ చీలిక మిగులుతుంది.

ఇప్పుడు చెప్పండి: ఏడో నెల గర్భిణిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టి, గంటల తరబడి మంచినీళ్లు కూడా ఇవ్వకపోవడం వలన ఏమిటి ప్రయోజనం? పెదవి అతుక్కుని అప్పటికే నెలలు గడిచాయి. అతుక్కున్న పెదవిని ఏ నీడా చీల్చలేదు.

“మరి రెండో నెలలో గ్రహణం పడితే?” అంటారా? ప్రపంచమంతటా సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఈ లోపంతో పుడుతున్నది. మన ప్రాంతంలో గ్రహణం కనిపించని ఏడాదిలోనూ పుడుతున్నది. దూడలలోనూ కుక్కపిల్లలలోనూ చీలిన అంగిలి కనిపిస్తుంది. ఆవు ఏ కత్తిపీట పట్టుకున్నది? పాలిచ్చే జంతువులన్నిటి అంగిలీ ఇలా పక్కల నుండి వచ్చిన పలకల కలయికతోనే ఏర్పడుతుంది. ఆవు మూత్రం వాసన చూసిన ఎద్దు పై పెదవి ముడిచి మోర ఎత్తడం మీరు చూసే ఉంటారు. దాని అంగిలిలోని అటువంటి బొడిపె పక్కన ఉన్న సన్నని నాళాల ద్వారానే ఆ వాసన జాకబ్సన్ అవయవానికి చేరుతుంది. మనిషి పిండంలోనూ ఆ అవయవం మొలిచి, తరువాత చాలావరకు క్షీణిస్తుంది.

అసలు కారణాలు వేరు. వంశపారంపర్యం ఒకటి, మేనరికం వలన ముప్పు పెరగవచ్చు. తొలి వారాలలో వాడిన కొన్ని మూర్ఛ మందులు, పొగాకు, మద్యం, అదుపులో లేని మధుమేహం కూడా కారణాలే. పలుమార్లు ఏ ఒక్క కారణమూ తేలదు. మూర్ఛ మందులు వాడేవారు వాటిని తమంతట తాము మానరాదు; గర్భానికి ముందే వైద్యుని సలహా తీసుకోవాలి. మేనరికం సంగతి మాట్లాడడానికి పెద్దలకు మొహమాటం. నెపం ఆకాశం మీదికి నెట్టడం సులభం.

నింద వలన ఇంకొక నష్టమున్నది. సిగ్గుతో బిడ్డను దాచిపెడతారు, వైద్యం ఆలస్యమవుతుంది. అంగిలి చీలిన బిడ్డ పాలు గట్టిగా చప్పరించలేదు, ఆకలితో నీరసిస్తుంది. తల్లిపాలు పిండి, బిడ్డ తల ఎత్తిపట్టి, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టండి. పెదవికి సాధారణంగా 3 నుండి 6 నెలల మధ్య, అంగిలికి మాటలు స్థిరపడకముందే, 9 నుండి 18 నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో ఈ లోపం ఉన్నది. బిడ్డను వెంటనే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, ఎక్కడికి పంపుతారో అడగండి.

తదుపరి గ్రహణం నాడు మీ ఇంటి గర్భిణికి వేళకు అన్నం పెట్టండి, నీళ్లివ్వండి. సూర్యగ్రహణమైతే ఎవరూ నేరుగా సూర్యుని వైపు చూడకండి. అది కంటికి సంబంధించిన జాగ్రత్త, అందరికీ వర్తిస్తుంది. మొర్రితో పుట్టిన బిడ్డను చూసినప్పుడు మాత్రం తల్లిని అడగవలసింది ఒక్కటే: “పాలు తాగుతున్నదా అమ్మా?”