మానేసిన పని కాదమ్మా, చేస్తున్న పని!

"అర్థమైతే చాలదా, గ్రామరెందుకు?" అనేవాళ్ళతో నాకు అస్సలు పడదు. అర్థం కావడం లేదు కాబట్టే కదా ఈ గొడవంతా!

మా తోడికోడలు పదకొండేళ్ళుగా ఇంట్లో ట్యూషన్లు చెబుతోంది. మొన్న ఓ స్కూల్లో టీచరు ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతూ 'ఐ యూజ్డ్ టు టీచ్ చిల్డ్రన్ ఎట్ హోమ్' అని రాసింది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: "ఎందుకు మానేశారు?" పాపం, ఆ సాయంత్రం కూడా పిల్లలు వరండాలో పుస్తకాలు తెరిచి కూర్చునే ఉన్నారు. ఉద్యోగం రాలేదు. ఇంట్లో మగవాళ్ళూ పిల్లలూ మాత్రం నాలుగు రోజులు నవ్వుకున్నారు.

నవ్వడం కాదు, ఎందుకలా రాస్తామో చెప్పాలి. 'వండుతాను' అంటే రేపటి వంటా అవుతుంది, రోజూ చేసే వంటా అవుతుంది. రోజూ అని గట్టిగా చెప్పాలంటే 'వండుతూ ఉంటాను' అంటాం. దానికి ఇంగ్లీషు మాట వెతుక్కుంటూ వెళ్ళి 'యూజ్డ్ టు' దగ్గర ఆగిపోతాం. అక్కడ వట్టి 'ఐ కుక్' చాలు. 'డైలీ ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్' అని రాస్తే, ఇప్పుడు ఎనిమిదింటిదాకా పడుకుంటున్నామనుకుంటారు!

"తెలుగు బీఏవి, ఇంగ్లీషు గొడవ నీకెందుకు?" అంటారు మావారు. తెలుగు చదివాను కాబట్టే చెబుతున్నా. రాసేముందు వాక్యం తెలుగులో అనుకోండి. 'పాడేదాన్ని', 'వెళ్ళేవాళ్ళం' అని వస్తే 'యూజ్డ్ టు' రాయండి. 'పాడతాను', 'పాడుతూ ఉంటాను' అని వస్తే దాని జోలికి పోవద్దు. 'నాకు అలవాటే' అని వస్తే ముందు 'ఐ యామ్', వెనక క్రియకు 'ఇంగ్' చేర్చండి: 'ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ'. 'డిడ్ నాట్' పక్కన వస్తే మాత్రం 'యూజ్' చివర 'డి' ఉండదు. అంతే, ఇంతకు మించి బ్రహ్మవిద్యేం కాదు.

ఇంట్లో మనం చేసే పనిని ఎలాగూ ఎవరూ లెక్కలో వేయరు. ఉన్న కాస్తనీ మన చేత్తో మనమే 'ఒకప్పుడు' అని రాసుకోవడమేమిటి?

నిన్న ఇంకో స్కూలుకి అప్లికేషన్ రాసింది మా తోడికోడలు. 'ఐ హావ్ బీన్ టీచింగ్ ఫర్ ఎలెవెన్ ఇయర్స్' అని. పక్కన కూర్చుని నేనే రాయించాను.