పూల వెనక కటకటాలు

స్త్రీని పువ్వుతో పోల్చడం ఆమెకిచ్చే గౌరవమని మనల్ని ఇంకా నమ్మిస్తూనే ఉన్నారు. జపాన్ చెక్క అచ్చు చిత్రాల గురించి రాసేవాళ్ళదీ ఇదే ధోరణి. చెర్రీ పువ్వు అంటే క్షణికత, చామంతి అంటే దీర్ఘాయువు అని చెప్పేసి ఊరుకుంటారు. ఆ పువ్వు పక్కన నిలబడ్డ ఆడమనిషి ఎవరని అడగరు.

నేను అడుగుతున్నాను. 1806లో చనిపోయిన ఉతమారో గీసిన అందగత్తెల్లో చాలామంది ఎడో (నేటి టోక్యో) నగరపు యోషివారాలో ఉన్న స్త్రీలు. ప్రభుత్వ అనుమతితో నడిచిన వేశ్యావాటిక అది. చుట్టూ కందకం, రాకపోకలకి ఒకటే పెద్ద ద్వారం. పేదరికంలో కన్నవాళ్ళు చిన్నప్పుడే అప్పుకింద అప్పజెప్పిన ఆడపిల్లలు అక్కడ పెరిగారు. ఏటా వసంతంలో ఆ వాడ నడివీధిలో పూతకొచ్చిన చెర్రీ చెట్లు తెచ్చి నాటేవారు, పూలు రాలాక పెరికి తీసుకుపోయేవారు. దిక్కులేకుండా చనిపోయిన స్త్రీల శవాల్ని జోకన్‌జి అనే గుడిలో పడేసేవారు. జనం దానికి 'పారేసే గుడి' అని పేరు పెట్టుకున్నారు. ఇంతకీ క్షణికమైనది పువ్వా, ఆ పిల్లల బతుకా?

ఇదేదో పరాయిదేశపు సంగతి అనుకోవద్దు. సమర్తాడిన పిల్లని మనం 'పుష్పవతి' అంటాం. పూసింది కాబట్టి ఇక కాయాలి, అంటే పెళ్ళి చెయ్యాలి, కనాలి. మొగుడు పోతే తల్లో పువ్వు తీసేస్తాం. మా పలమనేరు చుట్టుపక్కల చేలల్లో బంతీ చామంతీ కోసే కూలీల్లో భర్త పోయిన ఆడవాళ్ళూ ఉంటారు. గంపలకొద్దీ పూలు కోసే ఆ చేతులు ఒక్క పువ్వు తల్లో పెట్టుకుంటే ఊరు ఊరుకోదు. అంటే ఆమె తల్లో పువ్వు ఏనాడూ ఆమెది కాదు, మొగుడిది.

కళని కళగా చూడలేరా అంటారు. చూస్తాం. పువ్వు మీద నాకు కోపం లేదు. పెడన కలంకారీలో టేకు అచ్చుతో అద్దిన పువ్వు తీగమీది పువ్వే, ఏ ఆడదాని ఒంటికీ మారుపేరు కాదు. ఉతమారో గీత అందాన్నీ నేను కాదనను. ఆ అందం దేన్ని కప్పిపుచ్చుతోందో కూడా చెప్పమంటున్నాను.

చెప్పిన స్త్రీ ఒకామె ఉంది. హొకుసాయ్ కూతురు ఓయి. యోషివారా రాత్రిని ఆమె చేత్తో చిత్రించింది. అందులో చెర్రీ చెట్లు లేవు. దీపాల వెలుగులో బారులుగా కూర్చున్న స్త్రీలు, వాళ్ళ ముఖాలకి అడ్డంగా చెక్క కటకటాలు. తన పేరులోని అక్షరాలు మాత్రం లాంతర్ల మీద దాచిపెట్టింది.

పూల ప్రతీకల మీద పరిశోధనలు చేయించే అధ్యాపకులారా, విద్యార్థుల చేత ముందు ఆ కటకటాల్ని లెక్కపెట్టించండి. పూల భాష తర్వాత నేర్పొచ్చు.