99 వద్ద నిలిచిన ఆట

క్రీడాకారుని సంపాదన బాహుబలముపై ఆధారపడినట్లు కనబడును గాని, దాని పునాది ప్రేక్షకుల విశ్వాసమే. అది సడలినచో ఎంతటి ప్రతిభయు నిలువజాలదు.

హైదరాబాదు వాస్తవ్యుడు మహమ్మద్ అజారుద్దీన్ 1984-85లో తన తొలి మూడు టెస్టులలోను శతకములు సాధించి, పిదప 47 టెస్టులలో భారత జట్టుకు నాయకత్వము వహించెను. 2000 మార్చిలో, హిందూపురమునకు చేరువనున్న బెంగుళూరున, దక్షిణాఫ్రికాతో జరిగిన తన 99వ టెస్టులో 102 పరుగులు చేసెను. నాటి ప్రత్యర్థి నాయకుడు హాన్సీ క్రోనే, పందెగాండ్రనుండి ధనము గ్రహించినట్లు మరుమాసముననే ఒప్పుకొని, అక్టోబరులో ఆటకు శాశ్వతముగా దూరమయ్యెను. డిసెంబరులో భారత క్రికెట్ బోర్డు, మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై, అజారుద్దీనునకును జీవితకాల నిషేధము విధించెను. ఆ నిషేధము చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పెను. అప్పటికాయనకు 49 ఏండ్లు. నూరవ టెస్టు రానేలేదు.

నేరమే కాదు, అనుమానము సైతము ఆటను ముగింపగలదు. ధర్మవరపు నేతగాడు తెగిన పోగును మగ్గముమీదనే అతుకును. చీర దిగిన పిదప అతుకు కుదరదు. అంపైరు చూడకున్నను తాను ఔటైతినని బాలుడు తానై ఒప్పుకొనుట హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల పాఠశాల మైదానములలోనే అలవడవలెను. చిన్న దొంగాటను ఉపాధ్యాయుడు సరిదిద్దుటకు అదియే అదను.