కోటల్లో కళాశాలలు.. కాపాడే బాధ్యత ఎవరిది?

సంస్థాన సౌధాలకు చదువే రక్ష
మరమ్మతులపై స్పష్టత అవసరం

గద్వాల: రాజులు కొలువుదీరిన సౌధాలు సరస్వతీ నిలయాలుగా మారి దశాబ్దాలు గడిచాయి. వాటిని భావితరాలకు భద్రంగా అప్పగించే భారం ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల పాలన ముగిసింది. శిస్తు రాబడి నిలిచిపోయాక విశాల ప్రాసాదాల పోషణ కష్టసాధ్యమైంది. ఆ దశలో విద్యాసంస్థలే వాటికి ఆసరా అయ్యాయి. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్‌ను 1959లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. గద్వాలలో సోమనాద్రి నిర్మించిన కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల వెలసింది. చెన్నకేశవస్వామి ఆలయమూ ఆ కోటలోనే ఉంది.

కూల్చివేత కన్నా మేలు

రెండో ప్రపంచ యుద్ధానంతరం స్కాట్లాండ్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం విస్తరణ కోసం 1960వ దశకంలో చారిత్రక జార్జ్ స్క్వేర్‌లోని 18వ శతాబ్దపు ఇళ్లను చాలావరకు పడగొట్టి బహుళ అంతస్తుల భవనాలు కట్టింది. పౌరుల నిరసనలు ఫలించలేదు. మన ప్రాంతంలో చదువు పాత గోడలను కూల్చలేదు, వాటి నీడలోనే సాగింది.

అయితే నిర్లక్ష్యమూ నెమ్మదిగా సాగే కూల్చివేతే. డంగుసున్నపు గోడలకు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి గోడ గుల్లబారుతుంది. పగుళ్లలో మొలిచే రావి మొక్కలను పసిగానే తొలగించకుంటే రాళ్లు కదులుతాయి. బోధనకు ఉద్దేశించిన కళాశాల నిధులతో ఇటువంటి నిపుణుల పని సాధ్యం కాదు.

ఖాళీ అయితే ముప్పే

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కొత్త ప్రాంగణాలు అవసరమే. కానీ వాటి మోజులో పాత సౌధాలను ఖాళీ చేస్తే తలుపులు, దూలాలు సైతం మిగలవు.

2017లో రాష్ట్రం వారసత్వ పరిరక్షణ చట్టం తెచ్చింది. దాని స్ఫూర్తితో విద్యా, పురావస్తు శాఖలు ఉమ్మడి ఒప్పందానికి రావాలి. ఏటా వర్షాకాలానికి ముందే తనిఖీ జరగాలి. సున్నపు పని తెలిసిన మేస్త్రీలకే మరమ్మతులు అప్పగించాలి. పాలిటెక్నిక్ విద్యార్థులచే కట్టడాల కొలతలు, చిత్రపటాలు సిద్ధం చేయిస్తే అది వారికి పాఠం, కోటకు రక్షణ.