తాతగారి కథతో పుస్తకం మూయవద్దు

అతుల్ గవాండే 2014లో వ్రాసిన ‘బీయింగ్ మోర్టల్’ను మనవారు మెచ్చుకొనే తీరులో ఒక చిక్కు వున్నది. మహారాష్ట్ర పల్లెలో, బంధువుల నడుమ, నూరేండ్లు దాటి జీవించిన ఆయన తాతగారి కథ చదివి, “మన ఉమ్మడి కుటుంబమే మేలు గదా!” అని సంతోషిస్తారు. తొందరపాటు సంతోషమది. గ్రంథకర్త తండ్రి శస్త్రవైద్యుడు. ఆయన వెన్నుపాములో కంతి పుట్టినప్పుడు, మీ భయమేమిటి, దేనిని వదులుకొనలేరు అని కుమారుడు ఆయననే అడిగినాడు. గ్రంథానికి ప్రాణం అక్కడ వున్నది. బొంరాస్‌పేటలో గాని హైదరాబాదులో గాని మనం రోగిని అలా అడుగుతున్నామా? “పెద్దాయనకు చెప్పకుండ్రి సారూ” అని డాక్టరును వాకిట్లోనే బ్రతిమాలుతాము. మంచం చుట్టూ పదిమంది వుంటారు, నిజమే. మాట్లాడేదంతా ఆ పదిమందే. నొప్పి తగ్గించే మార్ఫిన్ సులభంగా దొరకాలని పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించినదీ 2014లోనే. జబ్బు పేరే దాచిన ఇంట్లో ఆ మందును ఏమని చెప్పి ఇస్తారు?